అత్తగారు తోమిన నాణెం

ఇరాన్‌వాళ్ల కొత్త సంవత్సరం నౌరూజ్ పండగ మూడో రోజు పొద్దున అర్సలాన్ ఆగా వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. ఎనిమిదింటికి గడ్డం గీసుకోవాలి. తొమ్మిదింటికి ముదురు నీలం సూటు ఇస్త్రీ చేసుకోవాలి. పదింటికి సొరుగు తెరిచి, దూదిలో పడుకోబెట్టిన నాణేన్ని ఒకసారి చూసుకోవాలి. సాయంత్రం ఐదింటికి దాన్ని జేబులో వేసుకుని డాక్టర్ కియాన్‌పూర్ ఇంటికి వెళ్లి, ఇరవై రెండేళ్ల అవమానం కడిగేసుకుని, వేడి టీ తాగి ఇంటికి రావాలి. ఇస్త్రీ దాకా అన్నీ అనుకున్నట్టే జరిగాయి.

ముందు ఆ అవమానం సంగతి చెప్పాలి. అర్సలాన్ ఆగా హమదాన్‌లో ముప్ఫై ఏళ్లు భూగోళం చెప్పి రిటైరైన మాస్టారు. తాతగారి పెట్టెలోంచి ఆయనకు పన్నెండు పాత వెండి నాణేలు వచ్చాయి. ఐదింటి మీద విల్లు పట్టుకుని పరుగెత్తే పాత పారసీక చక్రవర్తి ఉన్నాడు. ఆరు పార్థియన్ రాజులవి. మిగిలిన ఒక్కటీ అలెగ్జాండర్ పేరు మీద ముద్రించిన పెద్ద నాణెం. దానికి ఒకవైపు సింహం తోలు కప్పుకున్న వీరుడి తల, రెండో వైపు ఆసనం మీద కూర్చున్న గ్రీకు దేవుడు, ఆ దేవుడి మోకాళ్ల ముందు చిన్న బొడిపె. మొత్తం మీద రెండు వేల మూడు వందల ఏళ్ల నల్లటి పొర. ఆ బొడిపె తల వంచి మేస్తున్న గుర్రమని మాస్టారి వాదం. గుర్రమే అయితే ఆ నాణెం ఈ ఊళ్లోనే, హమదాన్‌ను హెగ్మతానె అని పిలిచిన రోజుల్లో, ఇక్కడి టంకశాలలోనే పుట్టినట్టు. కాకపోతే ఎక్కడో బాబిలోన్‌లో పుట్టి, ఊళ్లు పట్టుకు తిరుగుతూ ఇటు వచ్చినట్టు.

ఊళ్లో గురువారం గురువారం కూడే నాణేల మండలి ఒకటుంది. దానికి కార్యదర్శి మందుల దుకాణం డాక్టర్ కియాన్‌పూర్. ఇరవై రెండేళ్ల క్రితం ఆయన ఆ నాణేన్ని భూతద్దం కింద పెట్టి చూసి, పెదవి విరిచి, మండలి పుస్తకంలో తన చేత్తోనే వివరం రాశాడు. చివరి వాక్యం ఇది: బొడిపె వట్టి తుప్పు ముద్ద, గుర్రం అన్నది సభ్యుని ఊహ. అంతే, ఆ రోజు నుంచి మాస్టారు మండలి గుమ్మం ఎక్కితే చాలు, గుర్రానికి గడ్డి వేసి వచ్చారా అని ఎవరో ఒకరు అడగడం ఆనవాయితీ అయింది. పోయిన ఏడు పుట్టినరోజుకు పచ్చగడ్డి మోపుకు రిబ్బను కట్టి ఇచ్చారు. మాస్టారు అక్కడ అందరితోపాటు నవ్వాడు. ఇంటికి వచ్చి రెండు రోజులు అన్నం ముట్టలేదు.

ఇన్నాళ్లకు దారి దొరికింది. టెహ్రాన్ మ్యూజియంలో పాత నాణేలు చూసే డాక్టర్ రస్తేగార్ అనే ఆవిడ పండక్కి హమదాన్‌లోని పిన్నిగారింటికి వచ్చింది. మూడో రోజు సాయంత్రం మండలి వాళ్లతో టీ తాగి, సభ్యుల నాణేలు చూసిపెడతానని ఒప్పుకుంది. మర్నాడే తిరుగు ప్రయాణం. ఆవిడ గుర్రమంటే గుర్రం, తుప్పంటే తుప్పు. మళ్లీ మాట్లాడేవాడు దేశంలో లేడు.

పదింటికి మాస్టారు సొరుగు తెరిచాడు. పదకొండు నాణేలు ఉన్నాయి. పన్నెండోది ఉండాల్సిన చోట దూదిలో గుండ్రటి గుంట ఉంది. ఆయన దూది విప్పాడు, సొరుగు బోర్లించాడు, బల్ల కింద దూరాడు, ఇప్పుడే ఇస్త్రీ చేసిన సూటు జేబులు తిరగేశాడు. చప్పుడుకు భార్య మహ్‌లఖా ఖానుమ్ వచ్చి, సంగతి విని, అమ్మ మొన్న మీ సొరుగులో ఏదో వెతికిందండీ అంది. మాస్టారు వంటింటికి పరుగెత్తాడు.

అత్తగారు తూబా ఖానుమ్‌కు ఎనభై మూడేళ్లు. వంటింట్లో కూర్చుని మెంతికూర తుంచుతోంది. అడగ్గానే ఏమీ దాచకుండా చెప్పింది.

"ఆ నల్లదేగా అల్లుడూ? నేనే తీశా. పక్కింటి కొత్తకోడలు మొదటి పండక్కి మనింటికి వస్తుంటే నా దగ్గర కొత్త నోట్లు అయిపోయాయి. నలిగిన నోటు చేతిలో పెడితే మన పరువేం కాను?"

"అత్తయ్యా, అది చాలా పాతది..."

"తెలుసులే. అంత మురికిది ఎలా ఇస్తాననుకున్నావు? పండగ ఆనవాయితీకి బల్ల మీద పెట్టిన గిన్నెడు వెనిగర్‌లో మొన్న రాత్రంతా నానేసి, నిన్న పొద్దున్నే ఉప్పూ సోడా పెట్టి తోమా. తళతళలాడిపోయిందనుకో. పిల్ల ఎంత మురిసిపోయిందో."

నాణేలు పోగుచేసేవాళ్ల దగ్గర వెనిగర్ అన్న మాట ఎత్తకూడదు. పొర పోయిన నాణెం వాళ్ల లెక్కలో ప్రాణం పోయిన నాణెమే. మాస్టారు బంగాళాదుంపల బస్తా మీద కూలబడ్డాడు. అత్తగారు కూర తుంచడం ఆపి, నేనేమైనా తప్పు చేశానా నాయనా అని అడిగింది. ఆయన ఆవిడ చేతి వైపు చూశాడు. ముప్ఫై నాలుగేళ్లుగా తన కంచంలో పెద్ద ముక్క వేసిన చెయ్యి అది. లేదత్తయ్యా, బాగా చేశారు అన్నాడు.

పక్కింటికి వెళ్లి అడిగేయడం ఎలాగూ కుదరదు. అత్తగారు చేతిలో పెట్టిన పండగ కానుక అల్లుడు వెళ్లి వెనక్కి అడిగితే, ఆ వీధిలో మళ్లీ తలెత్తుకు తిరగడం కల్ల. చివరికి మహ్‌లఖా ఖానుమే ఉపాయం చెప్పింది. తన పెట్టెలోంచి చిన్న బంగారు నాణెం తీసి ఇచ్చి, పాతదాని బదులు ఇది ఉంచుకోమ్మా అని చెప్పి మార్చుకు రమ్మంది. పండగ పూట ఉత్త చేతులతో వెళ్లకూడదని మిఠాయి పెట్టె కూడా పట్టించింది. మళ్లీ బట్టలు మార్చుకునే టైముండదని మాస్టారు నీలం సూటు అప్పుడే తొడుక్కున్నాడు. ఆ సూటే తర్వాత ఇంత పని చేస్తుందని ఎవరనుకుంటారు.

పక్కింటి ఎఫ్ఫత్ ఖానుమ్ మూడు గ్లాసుల టీ, గుప్పెళ్లతో పిస్తాలు అయ్యేదాకా అసలు మాట ఎత్తనివ్వలేదు. ఎత్తాక, బంగారమా, వద్దే వద్దని ముమ్మారు అంది. మాస్టారు ముమ్మారు బతిమాలాడు. నాలుగోసారి కోడలు నాజ్‌గోల్ చేతికి బంగారు నాణెం చేరింది. ఆ పిల్ల ముఖం వెలిగిపోయింది. అప్పుడు మాస్టారు, మరి ఆ పాతది అని నసిగాడు. ఎఫ్ఫత్ ఖానుమ్ ముఖం వాడిపోయింది.

అది నిన్న మధ్యాహ్నమే చేయి దాటిపోయిందట. తోలు వ్యాపారి యావర్ ఆగా పండగ పలకరింపుకు వచ్చి, బల్ల మీద మెరుస్తున్న నాణెం చూసి, ఎంత బాగుందో అన్నాడు. బాగుందన్నాక మీదే అనుకోండి అనకుండా ఎవరుంటారు? ఆవిడ అంది. ఆయన వద్దన్నాడు. మళ్లీ అంది, మళ్లీ వద్దన్నాడు. మూడోసారీ అయింది. అక్కడితో ఇద్దరూ పరువుగా ఊరుకోవచ్చు. కానీ పోయిన ఏడు ఆయన ఎవరి దగ్గరో ఎఫ్ఫత్ ఖానుమ్ చెయ్యి కాస్త బిగువు అన్నాడట. ఆ మాట గుర్తొచ్చి ఆవిడ నాలుగోసారి కూడా అంది. నాలుగోసారి కాదంటే ఇంటిని అవమానించినట్టే గనక ఆయన పుచ్చుకున్నాడు.

"ఆయనకి తీసుకోవాలనీ లేదు, నాకు ఇవ్వాలనీ లేదు మాస్టారూ. పిల్లేమో సాయంత్రమంతా ముక్కు చీదుతూనే ఉంది. ఏం చేస్తాం, వెళ్లిపోయింది."

బంగారం ఇచ్చి ఉత్త చేతులతో లేచాడు మాస్టారు. కానీ హమదాన్‌లో పండగ పూట ఉత్త చేతులతో ఎవరు పోనిస్తారు? ఎఫ్ఫత్ ఖానుమ్ ఆయన తెచ్చిన మిఠాయి పెట్టె విప్పకుండానే పక్కన పెట్టి, అంతకంటే పెద్దది చేతిలో పెట్టింది. పైగా పూసిన హయసింత్ పూల కుండీ ఒకటి చంకకు ఎత్తింది. అలా నీలం సూటు, మిఠాయి, పూలు, చెమట పట్టిన ముఖంతో ఆయన రెండు వీధుల అవతల యావర్ ఆగా ఇంటి గంట నొక్కాడు. అప్పుడు పన్నెండున్నర.

యావర్ ఆగా తలుపు తీసి, సూటు చూశాడు, పూలు చూశాడు, మిఠాయి చూశాడు. ఆయన కూతురు సెపీదె దంతవైద్యం ఆఖరి ఏడు చదువుతోంది. మాస్టారి కొడుకు బర్దియా ఇస్ఫహాన్‌లో ఇంజనీరు. ఇంత సరంజామాతో, ఇంత బెరుకుగా ఒక మగపిల్లాడి తండ్రి గుమ్మంలో నిలబడితే ఆడపిల్ల తండ్రి ఏమనుకుంటాడో అదే అనుకున్నాడు. మాస్టారు నేరుగా అడగలేక ఆల్వంద్ కొండ మీద ఈసారి మంచు ఇంకా కరగలేదన్నాడు, తోలు ధరలు అడిగాడు, మళ్లీ మంచు దగ్గరికే వచ్చాడు. ఆ నసుగుడుతో యావర్ ఆగాకు ఉన్న అనుమానం కూడా తీరిపోయింది.

"మీరింక ఇబ్బంది పడకండి మాస్టారూ. నాకు అర్థమైంది. మా ఆవిడకీ అర్థమైంది. మాకు పూర్తిగా ఇష్టమే."

ఏం ఇష్టమో మాస్టారికి అంతు పట్టేలోపు, తల దించుకుని సెపీదె టీ పళ్లెం తెచ్చింది. పెళ్లికూతురి చేతి టీ చూశాక ఏ తండ్రికైనా తెలుస్తుంది. కొంప మునిగింది అనుకున్నాడు. లేచి, నేను వచ్చింది ఇందుకు కాదు అంటే ఆ పిల్ల ఏమైపోవాలి? వాళ్లమ్మ అప్పటికే తలుపు చాటున కళ్లు తుడుచుకుంటోంది. మాస్టారు ఆ టీ తాగాడు. చాలా బాగుందమ్మా అని కూడా అన్నాడు.

గ్లాసు కింద పెట్టి, ఇక సిగ్గు వదిలేసి, ఎఫ్ఫత్ ఖానుమ్ ఇచ్చిన వెండి నాణెం ఉందా అని అడిగాడు. యావర్ ఆగా చేతులెత్తేశాడు. చలికాలంలో తన తల్లికి ఎక్కడా దొరకని మందు డాక్టర్ కియాన్‌పూర్ తెప్పించి పెట్టాడట. ఆ కృతజ్ఞతకు నిన్న సాయంత్రం పండగ పలకరింపుకు వెళ్తూ, పాతవంటే ఆయనకు పిచ్చి కదా అని ఆ నాణెం పట్టుకెళ్లి ఇచ్చాడట.

ఊళ్లో లక్షల మంది ఉండగా నాణెం వెళ్లి వెళ్లి ఆ చేతిలో పడింది. మాస్టారు లేవబోయాడు. కాబోయే వియ్యంకుణ్ణి అన్నం పెట్టకుండా ఎలా పంపిస్తామని ఇంటిల్లిపాదీ అడ్డం పడ్డారు. ఆకుకూరల అన్నం, చేప, మళ్లీ అన్నం, మళ్లీ చేప, ఆపైన రెండిళ్ల పూర్వీకుల చరిత్ర అయ్యేసరికి నాలుగున్నర. సంబంధం కుదిరిన రోజు వియ్యంకుడు ఒక్కడూ నడిచి వెళ్లడమేమిటని యావర్ ఆగా కారు తీశాడు. దారిలో ఆయనే బర్దియాకు ఫోన్ కలిపి మాస్టారి చేతిలో పెట్టాడు. మాస్టారు నీళ్లు నములుతూ, సెపీదె సంగతి ఇవాళ మాట్లాడానురా అన్నాడు. అటువైపు బర్దియా గొంతు తగ్గించాడు.

"నీకెవరు చెప్పారు నాన్నా? అమ్మకి కూడా తెలిసిపోయిందా?"

మామూలు రోజైతే మాస్టారు ఆ మాటకు కారులోనే కేకలేసేవాడు. ఆ రోజు ఆయన బుర్రలో గుర్రానికి తప్ప దేనికీ చోటు లేదు. సరేలే అని ఫోన్ పెట్టేశాడు.

డాక్టర్ కియాన్‌పూర్ పెద్ద గదిలో ఎనిమిది మంది సభ్యులు అప్పటికే చేరారు. డాక్టర్ రస్తేగార్ కిటికీ పక్కన కూర్చుంది. అరవై ఏళ్ల బక్కపల్చటి మనిషి, మెడలో గొలుసుకు భూతద్దం. మాస్టారు రాగానే ఎవరో గుర్రం రాలేదా అని అడిగారు. వస్తుంది అన్నాడు మాస్టారు. జేబులో ఏమీ లేకుండా ఆ మాట అనడానికి చాలా ధైర్యం కావాలి. యావర్ ఆగా అందరి వెనక ఒక మూల చేరి శనగపిండి మిఠాయి పళ్లెం ఒళ్లో పెట్టుకున్నాడు.

అందరి నాణేలూ అయ్యాక డాక్టర్ కియాన్‌పూర్ లేచి గొంతు సవరించుకున్నాడు. ఎర్ర మఖ్మల్ డబ్బా ఒకటి తెచ్చి ఆవిడ ముందు పెట్టి, ఇది మా తాతల నాటిదనీ, ఇన్నాళ్లూ ఎవరికీ చూపలేదనీ, ఇవాళ తమలాంటివారు వచ్చారు గనక బయట పెడుతున్నాననీ సెలవిచ్చాడు. మూత తీశాడు.

మాస్టారు మెడ సాచి చూశాడు. కొత్త చెంచాలా మెరుస్తోంది. దేవుడి మోకాళ్ల ముందు బొడిపె లేదు. జూలు ఉంది. వంచిన మెడ ఉంది. నేలకు ఆనించిన మూతి కూడా ఉంది. గుర్రం మేస్తోంది. ఇరవై రెండేళ్లు లోకమంతా నవ్వుతుంటే తనొక్కడూ నమ్మిన గుర్రం కళ్ల ముందు నిక్షేపంగా మేస్తోంది. ఆయనకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఏడుపు కాదది, అంత సంతోషం ఆయన పెళ్లినాడు కూడా ఎరగడు.

డాక్టర్ ఆ కళ్లనీళ్లు చూసి, ఓర్వలేనితనమనుకుని, భుజం తట్టాడు.

"బాధపడకండి మాస్టారూ. గుర్రమంటే ఇలా ఉంటుంది. తుప్పు ముద్దలన్నీ గుర్రాలైపోవు."

డాక్టర్ రస్తేగార్ నాణేన్ని అంచులు పట్టుకుని వెలుతురులోకి తిప్పింది. చాలాసేపటికి, హెగ్మతానె, అంది. సందేహమే లేదంది. ఈ ఊళ్లో పుట్టిన నాణెమే, గుర్రం ఇంత స్పష్టంగా ఉన్నది ఇంతకుముందు ఒక్కటే చూశానంది. అందరూ చప్పట్లు కొట్టారు. అందరికంటే గట్టిగా కొట్టింది మాస్టారే. డాక్టర్ గుండె మీద చెయ్యి పెట్టుకుని వంగి వంగి దండాలు పెట్టాడు.

ఆ తర్వాత ఆవిడ నాణేన్ని ముక్కు దగ్గర పెట్టుకుంది. ముఖం ముడుచుకుపోయింది. దీన్ని ఎవరు తోమారని అడిగింది. ఇంకా వెనిగర్ కంపు కొడుతోందనీ, రెండు వేల మూడు వందల ఏళ్లు భూమి కాపాడిన పొరను ఊరగాయ పెట్టినట్టు నానేశారనీ, మందులూ రసాయనాలూ చదువుకున్న మనిషి చేయాల్సిన పనేనా ఇది అనీ మొదలుపెట్టి, పది నిమిషాలు ఆపకుండా దులిపేసింది. డాక్టర్ ముఖం మఖ్మల్ రంగుకు తిరిగింది.

"నేను కాదండీ బాబూ, ఒట్టు. నిన్న సాయంత్రమే నా చేతికొచ్చింది, ఇలాగే వచ్చింది."

"మీ తాతల నాటిదన్నారు?"

మూలనుంచి యావర్ ఆగా నోట్లో మిఠాయితోనే అందుకున్నాడు.

"నేనిచ్చిందేగా డాక్టరుగారూ అది? మర్చిపోయారా? పక్కన పెట్టండి, చూస్తా అన్నారు కూడాను."

అప్పుడు మాస్టారు లేచాడు. ముప్ఫై ఏళ్లు తరగతి గదిలో లేచిన పద్ధతిలోనే నిదానంగా లేచి, మండలి పుస్తకం తెప్పించి, ఇరవై రెండేళ్ల కిందటి పేజీ తీసి, డాక్టర్ ముందు పెట్టాడు. మీ దస్తూరీయే కదా, గట్టిగా చదవండి అన్నాడు. డాక్టర్ కళ్లద్దాలు పెట్టుకున్నాడు. వీరుడి చెవి వెనక గోరంత పాత ఉలి గాటు అని చదివాడు. డాక్టర్ రస్తేగార్ నాణెం తిప్పి, ఉంది అంది. దేవుడి ఆసనం కింద అంచు చిట్లింది అని చదివాడు. ఉంది అంది. తర్వాతి వాక్యం దగ్గర డాక్టర్ ఆగిపోయాడు. మాస్టారు వదల్లేదు, అది కూడా చదవండి అన్నాడు. బొడిపె వట్టి తుప్పు ముద్ద, గుర్రం అన్నది సభ్యుని ఊహ అన్న మాటలు డాక్టర్ నోట్లోంచి ఒక్కొక్కటే ఊడిపడ్డాయి.

ముందు నవ్వింది డాక్టర్ రస్తేగారే. తర్వాత గదంతా నవ్వింది. ఆవిడ కలం అడిగి తీసుకుని ఆ వాక్యం అడ్డంగా కొట్టేసి, కింద హెగ్మతానె టంకశాల, మేస్తున్న గుర్రం, గుర్తించినవారు అర్సలాన్ మాస్టారు అని రాసి, తేదీ వేసి సంతకం పెట్టింది. సభ్యులు ఒకరి తర్వాత ఒకరు వచ్చి మాస్టారిని కౌగలించుకున్నారు. పచ్చగడ్డి మోపు తెచ్చినాయన రెండుసార్లు కౌగలించుకున్నాడు.

చివరికి డాక్టర్ కియాన్‌పూర్ నాణేన్ని డబ్బాతో సహా ముందుకు చాపి, మీదే అనుకోండి మాస్టారూ అన్నాడు. మాస్టారు కనీసం ఒక్కసారైనా వద్దంటాడని అందరూ ఎదురుచూశారు. ఆయన అనుకున్నాడు, తీసుకున్నాడు, జేబులో వేసుకున్నాడు. అంత మర్యాద తప్పిన పని హమదాన్‌లో ఈ మధ్యకాలంలో ఎవరూ చూసి ఉండరు. చప్పట్లు మాత్రం మళ్లీ మోగాయి.

బయల్దేరేముందు డాక్టర్ రస్తేగార్ గుమ్మం దగ్గర ఆయన్ని ఆపి, ఇంతకీ తోమింది ఎవరని అడిగింది. మా ఇంట్లో పెద్దవాళ్లు అన్నాడు. ఇంకెప్పుడూ తోమనివ్వద్దని కోప్పడింది. తర్వాత గొంతు తగ్గించింది.

"ఒక్క మాట, మీలోనే ఉంచుకోండి. ఆ పొర అలాగే ఉంటే నేను కూడా తుప్పు ముద్దే అని రాసేదాన్ని."

మాస్టారు ఇంటికి వచ్చి అంతా చెప్పాడు. మహ్‌లఖా ఖానుమ్ నాణెం కథ సగంలోనే ఆపి, సెపీదె ఏ రంగు గౌను వేసుకుందో, టీ ఎవరికి ముందిచ్చిందో చెప్పమని కూర్చుంది. తూబా ఖానుమ్‌కు మాత్రం తను తోమినందుకే అల్లుడు గెలిచాడన్న ఒక్క ముక్క బాగా బోధపడింది. ఆవిడ కొంగుతో చేతులు తుడుచుకుని సొరుగు వైపు చూసింది.

"మిగతా పదకొండూ అంతకంటే నల్లగా ఉన్నాయి అల్లుడూ. నానెయ్యమంటావా?"

వద్దనడానికి మాస్టారికి కొంచెం ఎక్కువసేపే పట్టింది.